బాటరీకి వడదెబ్బ

వేసవి మధ్యాహ్నము. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రములో ఒక ఇంటి ముందరి పచ్చికలో, తాబేలు ఆకారము గల చిన్న యంత్రమొకటి గడ్డి కోయుచున్నది. దానిని నడుపు మనిషి లేడు. బాటరీలో శక్తి తగ్గగానే అది కోత ఆపి, గోడ ప్రక్కనున్న ఛార్జింగు పీఠము వద్దకు తానై పోయి, రెండు లోహపు నాలుకలకు మొగము ఆనించి నిలుచును. విద్యుత్తు సిద్ధముగా నున్నది; యంత్రము పుచ్చుకొనుట లేదు. గంట గడచినను అంతే. యజమాని అది చెడిపోయినదనుకొనును. సాయంత్రము ఎండ దిగిన పిమ్మట, ఎవరును ముట్టకయే, ఛార్జి మొదలగును.

అచ్చట చెడినది ఏదియు లేదు. యంత్రము తన బాటరీ వేడిని కొలిచి చూచుకొని, ఇప్పుడు వలదని ఆగినది. ఆకలిగొన్నవాడు విస్తరి ముందర చేతులు కట్టుకొని కూర్చున్నట్లున్న ఈ వింతకు వెనుక 160 ఏండ్లకు మించిన చరిత్ర కలదు.

తనంతట తాను ఛార్జి చేసికొను యంత్రము నిన్న మొన్నటి ఊహ కాదు. ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున, బర్డెన్ నాడీశాస్త్ర సంస్థలో పనిచేయుచుండిన గ్రే వాల్టరు 1948, 1949 సంవత్సరములలో రెండు యాంత్రికమైన తాబేళ్లను నిర్మించెను. ఎల్మరు, ఎల్సీ అని వాటి ముద్దుపేర్లు. రెండే రెండు రేడియో వాల్వులు వాటి మెదడు. బాటరీ నిండుగా నున్నపుడు అవి తీక్షణమైన వెలుతురునకు దూరముగా తొలగును. బాటరీ క్షీణించిన కొలది ఆ వెలుతురే వాటిని ఆకర్షించును. దీపము వెలుగుచున్న గూటిలోనికి పోయి ఛార్జి చేసికొని మరల బయటికి వచ్చుట అను ఏర్పాటు ఆ విధముగా సాధ్యమయ్యెను. 1951లో జరిగిన బ్రిటను ఉత్సవములో ఇట్టి తాబేళ్లను ప్రజలకు చూపిరి. 1969లో అమెరికాలో మౌబాట్ అను పేర, నేలలో పాతిన తీగను హద్దుగా గుర్తించి గడ్డి కోయు యంత్రము అమ్మకమునకు వచ్చెను. స్వీడను దేశపు హుస్క్‌వర్నా సంస్థ 1995లో సౌరశక్తితో నడచు కోత యంత్రమును, 1998లో ఆటోమోవరు అను పేర బాటరీ యంత్రమును విడుదల చేసెను. స్వీడను చల్లని దేశము. అచ్చట పుట్టిన ఈ తరహా యంత్రములు ఇటలీ, స్పెయిను, ఆస్ట్రేలియా, అమెరికా దక్షిణ రాష్ట్రముల పచ్చికలకు వ్యాపించిన కొలది ఎండ ప్రశ్న పెద్దదయ్యెను. ఆ ప్రశ్నకు సమాధానము యంత్రముల చరిత్రలో కంటె బాటరీల చరిత్రలో ఎక్కువగా నున్నది.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో రెండు సీసపు రేకులను చుట్టగా చుట్టి, గంధకామ్లములో ముంచి, మరల మరల ఛార్జి చేయదగిన మొదటి బాటరీని నిర్మించెను. 1881లో కమీల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్దను పలకలకు పూసి దాని శక్తిని పెంచెను. లోపల జరుగుచున్న రసాయన చర్య ఏమో 1882లో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అను ఇరువురు ఆంగ్ల శాస్త్రజ్ఞులు వివరించిరి. బాటరీ ఖర్చగునపుడు రెండు పలకల మీదను సీసపు సల్ఫేటు ఏర్పడును. ఛార్జి చేయునపుడు అది ఒకవైపున సీసముగాను, రెండవవైపున సీసపు డయాక్సైడుగాను మారును. పలకలు నిండిన తరువాత కూడ విద్యుత్తును పంపినచో, చేయుటకు వేరు పని లేక, ఆ విద్యుత్తు ఆమ్లములోని నీటిని ఉదజని, ఆమ్లజనులుగా విడగొట్టును. పాత బాటరీలలో తుదకు బుడగలు లేచుట ఇందుచేతనే.

ఇచ్చట వేడి ప్రవేశించును. 1889లో స్వీడను శాస్త్రజ్ఞుడు స్వాంటె అరీనియస్, ఆమ్లముల సమక్షమున చెరకు పంచదార విడిపోవు వేగమును పరిశీలించుచు, ఉష్ణోగ్రతకును రసాయన చర్యల వేగమునకును గల సంబంధమును ఒక సూత్రములో నిమిడ్చెను. అనేక చర్యల విషయములో, 10 డిగ్రీలు పెరిగినచో వేగము రమారమి రెండింతలగునని ఉపాధ్యాయులు తరగతిలో చెప్పు లెక్క దీనినుండి వచ్చినదే. బాటరీకి కష్టమంతయు ఈ సూత్రములోనే ఉన్నది. ఏలయనగా బాటరీలో ఒక్క చర్య జరుగదు. మనకు కావలసినది ఒకటి. దాని ప్రక్కనే అక్కరలేనివి నాలుగైదు. వేడికి ఈ భేదము తెలియదు. అన్నిటిని తొందరపెట్టును. అందుచేత వేడెక్కిన బాటరీ ఒక విధముగా చురుకైనది: దాని లోపలి నిరోధము తగ్గును, అయానులు వేగముగా కదలును, విద్యుత్తును సులభముగా పుచ్చుకొనును. ఆ చురుకుదనములోనే దాని ఆయుర్దాయము కరగిపోవును. వేడి బాటరీని మందగింపజేయునని చాలమంది తలచుట పొరపాటు.

సీసపు బాటరీలో ఇది ఎట్లు కనబడునో చూడుడు. 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక్కొక్క ఘటమునకు సుమారు 2.4 వోల్టుల వద్ద బుడగలు విరివిగా లేచును. వేడిమి పెరిగినచో ఇంకను తక్కువ వోల్టుల వద్దనే లేచును. కనుక శీతకాలమునకు సరిపడు వోల్టేజీనే వేసవిలోను ఇచ్చినచో, విద్యుత్తు ఎక్కువగా ప్రవహించును. ఆ విద్యుత్తు నీటిని విడగొట్టుచు మరింత వేడి పుట్టించును. ఆ వేడిచే విద్యుత్తు మరల హెచ్చును. తన తోకను తానే తరుముకొను ఈ చక్రమునకు అడ్డు లేనిచో బాటరీ ఎండి, ఉబ్బి, పాడగును. దీనికి విరుగుడు వోల్టేజీని తగ్గించుట. ఘటమునకు డిగ్రీకి సుమారు 4 మిల్లివోల్టుల చొప్పున తగ్గింతురు. 12 వోల్టుల బాటరీలో 6 ఘటములుండును. 25 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు పోవునపుడు 6, 4, 20లను గుణించినచో 480 మిల్లివోల్టులు, అనగా దాదాపు అర వోల్టు. 14.4 వోల్టులు ఇవ్వవలసిన చోట 13.9 మాత్రమే ఇవ్వవలెను. చూచుటకు చిన్న తేడా. బాటరీకి మాత్రము ఏండ్ల తేడా.

మొదటి దశాబ్దములలో ఈ తేడాను సరిదిద్దినవాడు మనిషి. విద్యుత్ కేంద్రములలోను, టెలిఫోను కార్యాలయములలోను బాటరీ గదికి ఒక కాపరి యుండెడివాడు. గాజు పాత్రలలోని ఆమ్లములో ఉష్ణమాపకము ముంచి చూచుట, సాంద్రత కొలుచుట, తగ్గిన చోట బట్టీ నీరు పోయుట అతని పని. ఘటము 43 డిగ్రీలు దాటినచో ఛార్జి తగ్గించవలెను, లేదా ఆపవలెను అను తరహా నియమము సీసపు బాటరీల పాత కరదీపికలలో కనబడును. అమెరికాలో థామస్ ఎడిసన్ 1901 నుండి శ్రమించి తయారుచేసిన నికెలు-ఇనుము బాటరీకి ఇచ్చిన సూచనలలో ఆ హద్దు 115 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 46 డిగ్రీల సెంటిగ్రేడు. మన దేశము వంటి ఉష్ణదేశములకై ఇంకొక ఉపాయము కూడ చేసిరి: చల్లని దేశములలో 1.28 సాంద్రత గల ఆమ్లము పోయు చోట, ఇచ్చట 1.24 ప్రాంతపు పలుచని ఆమ్లము పోయుదురు. ఆమ్లము పలుచనయినచో పలకలు తినివేయబడుట కొంత నెమ్మదించును. నీరు గడ్డకట్టు భయము మనకెటులను లేదు.

కాపరి పని తప్పించవలెనను కోరిక 20వ శతాబ్దపు మధ్య భాగములో బలపడెను. 1950లలో జర్మనీలో ఆమ్లమును జిగురువంటి పదార్థముగా గడ్డకట్టించి, మూత బిగించిన సీసపు బాటరీలను తయారుచేసిరి. 1970లలో అమెరికాలో ఆమ్లమును సన్నని గాజు నారల చాపలో పీల్చించి బిగించిన బాటరీలు వచ్చినవి. ఇందులో ఆమ్లజని ఒక పలక వద్ద పుట్టి, రెండవ పలక వద్ద మరల నీరగును. నీరు పోయనక్కరలేదు; ఏ మూలనైనను పెట్టవచ్చును. కాని ఆ కలయికలో పుట్టు వేడి లోపలనే ఉండిపోవును, ఆరిన నీటిని తిరిగి పోయుటకు మూత రాదు. మనిషి కన్ను తప్పుకొన్న చోట, ఎండ చేయు అపకారము ఎవరికిని కనబడక సాగిపోయినది. ఇజ్రాయెలు దేశమున తయారైన రోబోమౌ కోత యంత్రములలో మొదటివి ఇట్టి మూసిన సీసపు బాటరీలతోనే నడచినవి.

నికెలు బాటరీల కథ వేరు. 1899లో స్వీడను దేశీయుడు వాల్డెమార్ యుంగ్నర్ నికెలు-కాడ్మియము బాటరీని కనిపెట్టెను; 1940ల చివర మూసిన ఘటములు సాధ్యమయినవి. ఇందులోను, దీని తరువాత వచ్చిన నికెలు-లోహహైడ్రైడు బాటరీలోను, వేడి చేయు మోసము ఒకటి కలదు. చల్లగా నున్నపుడు నికెలు పలక దాదాపు నిండిన పిమ్మట గాని ఆమ్లజని పుట్టదు. వేడిగా నున్నపుడు నిండకముందే పుట్టును. పంపిన విద్యుత్తులో ఒక భాగము ఛార్జిగా మారక ఆమ్లజనిగా, ఆ వెనుక వేడిగా మారిపోవును. అనగా గంటల లెక్క ప్రకారము బాటరీ నిండినట్లుండును, పనిలోనికి దిగినంతనే ఖాళీ అగును. ఇదికాక, నికెలు బాటరీ నిండినదని ఛార్జరు గుర్తుపట్టునది వోల్టేజీ కొంచెము దిగుటను చూచియో, వేడి హఠాత్తుగా పెరుగుటను చూచియో. ఎండలో ఆ దిగుట మందగించును; బయటి వేడిలో లోపలి వేడి కలిసిపోవును. నిండిన కుండలో నీరు పోయుచునే యున్నట్లు ఛార్జరు ఆగక సాగును. 45 డిగ్రీల ప్రాంతమున ఛార్జిని ఆపివేయు హద్దు ఈ బాటరీలకును ఆ విధముగా అలవాటయ్యెను.

ఇప్పటి కోత యంత్రములలో నున్నది లిథియము అయాను బాటరీ. 1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్ వేసిన పునాదిపై, 1980లో జాన్ గుడినఫ్ బృందము కోబాల్టు ఆక్సైడును ధనధ్రువమునకు వాడవచ్చునని చూపెను. 1985లో జపానులో అకిర యోషినో కర్బన పదార్థమును ఋణధ్రువముగా వాడి భద్రమైన ఘటమును కూర్చెను. 1991లో సోనీ సంస్థ దానిని బజారునకు తెచ్చెను. 2019లో ఆ ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెలు బహుమానము లభించెను. ఈ చరిత్ర అందరకు తెలిసినదే. ఎండకు సంబంధించిన భాగము మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు.

ఆ భాగము ఒక పల్చని పొరకు చెందినది. లిథియము ఘటములోని ద్రవములో నీరుండదు. సేంద్రియ ద్రావణిలో కరగిన లిథియము లవణముండును. మొదటి ఛార్జిలోనే ఈ ద్రవము గ్రాఫైటు ఉపరితలము మీద విచ్ఛిన్నమై, పాలు కాచినపుడు మీగడ కట్టినట్లు, ఒక పొర కట్టును. ఇట్టి పొర స్వభావమును 1979లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞుడు ఇమాన్యుయేల్ పెలెడ్ లిథియము వంటి లోహముల విషయమున వివరించెను. 1990లో కెనడాలో జెఫ్ డాన్ బృందము కర్బన పలకల మీద అది ఎట్లు ఏర్పడునో చూపెను. ఈ పొర లేనిచో బాటరీయే లేదు. అది ద్రవమును గ్రాఫైటు నుండి కాపాడు గోడ. అయితే గోడ కట్టుటకు లిథియమే ఇటుక. వేడిలో గోడ కొంత కరగి మరల కట్టబడుచు మందమగును. కట్టబడిన ప్రతిసారియు కొంత లిథియము శాశ్వతముగా పనికిరాకుండ పోవును. లవణము కూడ వేడికి విడిపోయి, లేశమాత్రముగానున్న తేమతో కలిసి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమును పుట్టించును. అది ధనధ్రువపు లోహములను తినును. బాటరీ నిండుగా నున్నపుడు వోల్టేజీ హెచ్చుగా నుండును గనుక, ఈ చర్యలన్నియు మరింత చెలరేగును. ఎండలో వాడుట కంటె, ఎండలో నింపుటయు, నింపి ఎండలోనే ఉంచుటయు ఎక్కువ కీడు చేయుటకు కారణము ఇదియే. అందువలననే అనేక లిథియము బాటరీలకు వాడుక హద్దు 60 డిగ్రీల వరకు ఉండగా, ఛార్జి హద్దు 45 వద్ద ఆగిపోవును. క్రింది హద్దు సున్న. అంతకు చల్లనైనచో లిథియము గ్రాఫైటులోనికి దూరక దాని పైననే లోహముగా పేరుకొనును.

ఈ హద్దులు తయారీదారుల పత్రములలో చాల కాలముగా ఉన్నను, వాటికి అందరు అనుసరింపదగిన రూపము వచ్చుటకు ఒక ఉపద్రవము కావలసి వచ్చెను. 2006లో ఒళ్లో పెట్టుకొను కంప్యూటర్ల బాటరీలు కొన్ని మండుటచే లక్షల సంఖ్యలో వాటిని వెనుకకు తీసికొనవలసి వచ్చినది. అందలి ముఖ్యదోషము ఎండ కాదు, ఘటములలో పడిన లోహపు రేణువులు. అయినను ఆ భయము చల్లారకముందే, 2007లో జపాను ఎలక్ట్రానిక్సు పరిశ్రమల సంఘము, అచ్చటి బాటరీ సంఘము కలిసి ఒక మార్గదర్శకమును ప్రకటించినవి. ఉష్ణోగ్రతను మండలములుగా విభజించి, సాధారణ మండలములో పూర్తి ఛార్జి, 45 దాటిన మండలములో తగ్గించిన వోల్టేజీ లేక విద్యుత్తు, ఆ పైన పూర్తిగా నిలుపుదల అని అందు నిర్దేశించిరి. నేడు చేతిలోని ఫోను మొదలు పచ్చికలోని కోత యంత్రము వరకు పెక్కు ఛార్జరులలో ఈ పద్ధతియే, కొద్ది మార్పులతో, నడచుచున్నది.

ఉష్ణమాపకము పట్టిన పాత కాపరి స్థానములో నేడు కూర్చున్నది మిరియపు గింజంత థర్మిస్టరు. వేడి పెరిగినచో కొన్ని పదార్థముల విద్యున్నిరోధము తగ్గునని 1833లో మైకేల్ ఫారడే వెండి సల్ఫైడులో గమనించెను. దాదాపు 100 ఏండ్ల తరువాత 1930 ప్రాంతమున అది బజారు వస్తువయ్యెను. బాటరీలలో తరచు వాడు థర్మిస్టరు 25 డిగ్రీల వద్ద 10,000 ఓములు చూపును. 45 డిగ్రీల వద్ద అది సగమునకు కొంచెము తక్కువగా పడిపోవును. పాఠశాలలో ఒక మల్టిమీటరు, రెండు గ్లాసులలో మంచునీరు, గోరువెచ్చని నీరు ఉన్నచో విద్యార్థులే దీనిని కొలిచి గీత గీయవచ్చును. థర్మిస్టరు కొసలకు తడి తగులకుండ సన్నని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ముంచిన చాలును.

ఇక టెక్సాసు పచ్చికకు మరలుదము. 45 అన్నది గాలి వేడి కాదు, ఘటము వేడి. గాలి 36 డిగ్రీలున్నను ఘటము 50 కావచ్చును. ఎండ పాలెంత, విద్యుత్తు పాలెంత? యంత్రపు పై కప్పు 60 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు అనుకొందము. నిర్మలమైన మధ్యాహ్నమున చదరపు మీటరు మీద సుమారు 1,000 వాట్ల సౌరశక్తి పడును. కనుక కప్పు మీద పడునది 300 వాట్లు. బాటరీ లోపలి నిరోధము 0.1 ఓము, ప్రవహించు విద్యుత్తు 5 ఆంపియర్లు అనుకొన్నచో, అందు పుట్టు వేడి 2.5 వాట్లు మాత్రమే. కప్పు మీద పడినదానిలో చాల భాగము గాలికి పోవునుగాక, మిగిలినది కూడ బాటరీ స్వంత వేడిని మింగివేయును. ఛార్జింగు పీఠము మీద ఒక చిన్న పందిరి వేసినంత మాత్రమున ఎందుకంత మేలు కలుగునో ఈ రెండు అంకెలే చెప్పుచున్నవి. నల్లని కప్పు అందముగా నుండును గాని, ఎండ దేశమునకు తగినది కాదు.

తెలుగు దేశమున గడ్డి కోయు రోబోలు అరుదు. కాని రామగుండము, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో గాలియే 45 డిగ్రీలు దాటుట కొత్త కాదు. అనగా చల్లని దేశములలో అరుదుగా తగులు హద్దు, ఇచ్చట నీడలో ఊరక కూర్చున్న బాటరీకే తగులుచున్నది. పొలముల మీద మందు చల్లు డ్రోనును ఎగురవేయువారు, దిగిన బాటరీని వెంటనే ఛార్జికి పెట్టక చల్లారనిచ్చుట ఇందుకే. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోను, నిజామాబాదులోను ఇండ్లలో విద్యుత్ స్కూటర్ల బాటరీలు ప్రేలి ప్రాణనష్టము జరిగెను. ఆ ఏడు దేశములో జరిగిన ఇట్టి ప్రమాదములను పరిశీలించిన నిపుణులు ఘటములలోను, వాటిని కాచు ఎలక్ట్రానిక్ ఏర్పాటులోను లోపములున్నవని చెప్పిరి. కేవలము ఎండ మీద నెపము వేయలేదు. బాటరీ, ఛార్జరుల పరీక్షలను కఠినము చేయు నిబంధనలు 2022 డిసెంబరు నుండి దశలవారీగా అమలులోనికి వచ్చినవి.

వేడి ఎల్లప్పుడు శత్రువేనా? 2019లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయములో చావో-యాంగ్ వాంగ్ బృందము దీనికి తలక్రిందులైన ప్రయోగము చేసెను. లిథియము ఘటమును కావలెననియే 60 డిగ్రీలకు వేడిచేసి, 10 నిమిషములలో వేగముగా ఛార్జి చేసి, వెంటనే చల్లబరచిరి. ఆ వేడిలో లిథియము లోహము పేరుకొనుట తప్పినది. 10 నిమిషములే గనుక పొర మందమగుటకు వ్యవధి చాలలేదు. పచ్చికలోని యంత్రము విషయము దీనికి విరుద్ధము. అది మెల్లగా గంటసేపు ఛార్జి అగును, ఆ మీదట ఎండలోనే నిలుచును.

అందుచేత తయారీదారులును, యజమానులును కోతను వేకువకో రాత్రికో మార్చుట మొదలిడిరి. చల్లని వేళ పని, చల్లని వేళ ఛార్జి. బాటరీకి ఇంతకంటె మేలు లేదు. కాని ఐరోపా తోటలలో రాత్రివేళ తిరుగు హెడ్జ్‌హాగు అను చిన్న ముండ్ల జంతువు కలదు. ప్రమాదము ఎదురైనపుడు అది పారిపోదు, ముడుచుకొని బంతియై అచ్చటనే ఉండును. కోత యంత్రముల కత్తులకు అవి గాయపడుచున్నవని తేలుటచే, జర్మనీలోని కొలోను నగరము 2024లో రాత్రివేళ ఈ యంత్రములను నడుపుటను నిషేధించెను. అచ్చటి యంత్రము పగలే కోయవలెను, కోతకు కోతకు నడుమ పగలే ఛార్జి చేసికొనవలెను. మండువేసవి వచ్చినపుడు పందిరి నీడలో నిలిచి, థర్మిస్టరు 45కు దిగువ చూపువరకు, దానికి వేచియుండుట తప్పదు.